బావ జేబులో రెండు అగ్గిపెట్టెలు

మా హెల్వి అక్క మొగుడు ఓయివాకి డెబ్బై ఏళ్ళు. అందులో నలభై ఏళ్ళు మా లాప్‌లాండ్ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. ఊళ్ళోవాళ్ళు అతన్ని మంచివాడంటారు. నేను చాదస్తుడంటాను. ఏటా మార్చి నెలలో నాలుగు రోజులు అతనితో స్కీల మీద అడవిలో తిరిగేది నేను, ఊళ్ళోవాళ్ళు కాదు కదా!

అడవిలో రాత్రి తలదాచుకోవడానికి దుంగల గుడిసెలున్నాయి. వాటికి తాళాలుండవు. ఎవరైనా వచ్చి పడుకోవచ్చు. వెళ్ళేటప్పుడు మాత్రం, తరవాత వచ్చేవాడి కోసం పొయ్యి పక్కన కట్టెలూ చిదుగులూ పెట్టిపోవాలి. నాలాంటివాళ్ళు గుప్పెడు పుల్లలు పడేసి చెయ్యి దులుపుకుంటారు. మా బావ అలా కాదు. ఎండు పుల్ల తీసుకుని, చెక్కిన రేకులు ఊడిపోకుండా కొస దాకా చెక్కుతాడు. చూస్తే కోడి ఈకలా ఉంటుంది. అలాంటివి ఆరు. వాటి పక్కన ఇట్టే అంటుకునే భూర్జ చెట్టు బెరడు. అన్నిటికంటే చివర, అగ్గిపెట్టె అరలో పెట్టి ఒక పుల్లని సగం బయటికి లాగి ఉంచుతాడు. ఈ తతంగానికి గంట పడుతుంది. ఆ గంటా నేను చలిలో నిలబడి సణుగుతూ ఉంటాను.

"వచ్చేవాడికి చేతుల్లేవా బావా?"

"ఉంటాయిరా. వంగవు."

అంతే, ఇంకో ముక్క చెప్పడు. మిగతాది అక్క చెబితే తెలిసింది. పంతొమ్మిదేళ్ళప్పుడు బావ ఒంటరిగా వెళ్ళి ఏట్లో మంచు విరిగి పడ్డాడట. పాక్కుంటూ గుడిసె చేరేసరికి వేళ్ళు కొయ్యబారిపోయాయి. అరలో అగ్గిపెట్టె, అందులోంచి సగం బయటికొచ్చిన పుల్ల. దాన్ని పళ్ళతో లాగి, పెట్టెని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని గీశాడట. గుడిసెలో వచ్చిపోయేవాళ్ళు పేర్లు రాసే పుస్తకంలో ముందు రోజు వెళ్ళినవాడి పేరు లేదు. 'కె' అని ఒక్క అక్షరం ఉంది. ఆ 'కె' ఎవరో బావకి ఈనాటికీ తెలియదు. యాభై ఒక్క ఏళ్ళుగా గుడిసె గుడిసెలో పుల్లలు చెక్కుతూనే ఉన్నాడు.

ఈసారి రెండో రోజు పొద్దున సున్నాకి ఇరవై రెండు డిగ్రీలు కిందకి దిగిన చలి, పైగా గాలి. బావ ఆరో పుల్ల చెక్కుతూ తలెత్తకుండానే అడిగాడు.

"యల్మరీ, నిప్పు ఆర్పి బూడిద ఎత్తి గుంటలో పోశావా?"

"పోశాను బావా."

పచ్చి అబద్ధం. బూడిద గుంట దాకా ఆ గాలిలో ఎవడు పోతాడు! ఇంకా రగులుతున్న మొద్దుముక్కని బూడిదలోకి తోసి పొయ్యి తలుపు మూసేశాను. "ఇంక లే బావా, అడవికంతా నువ్వే కాపలావా?" అని గదమాయించాను కూడా. నా సణుగుడు పడలేక లేచాడు పాపం.

పది కిలోమీటర్లు పోయాక కాఫీకి ఆగాం. మంట వేద్దామని బావ జేబులో చెయ్యి పెట్టాడు. ఒక పెట్టె బయటికి తీశాడు. మళ్ళీ చెయ్యి పెట్టాడు. రెండో పెట్టె వచ్చింది. అతని ముఖం సున్నం కొట్టినట్టయింది.

"ఒరేయ్, ఇది గుడిసెది. నీ తొందరలో జేబులో వేసేసుకున్నాను."

"అయితే ఏమయింది? అడవికొచ్చేవాడు అగ్గిపెట్టె తెచ్చుకోడా?"

"ఆనాడు నేనూ తెచ్చుకున్నాను. తడిసింది" అని స్కీలు వెనక్కి తిప్పాడు.

"కాఫీ అయినా తాగనివ్వవా?"

"నువ్వు తాగిరా."

ఏం తాగుతాను! తిట్టుకుంటూ వెంటపడ్డాను. డెబ్బై ఏళ్ళ మనిషిని అందుకోలేక తల ప్రాణం తోకకొచ్చింది. గుడిసెకి ఇంకా కిలోమీటరు ఉందనగా, చెట్ల మీద పొగ కనిపించింది.

"పొగ! యల్మరీ, పొగ రా!" అని బావ చిన్నపిల్లాడిలా అరిచాడు.

నాకు మాత్రం పొయ్యిలో నేను వదిలేసిన నిప్పు గుర్తొచ్చింది. అది పొయ్యి గొట్టంలోంచి వచ్చే పొగా, గుడిసే తగలబడుతోందా? దేవుడా, ఈ ఒక్కసారికి కాపాడు, ఇకమీదట బూడిదంతా నేనే ఎత్తుతానని మొక్కుకున్నాను. మలుపు తిరిగితే గొట్టం కనిపించింది. పొగ అందులోంచే, తిన్నగా వస్తోంది. పోయిన ప్రాణం లేచొచ్చింది.

లోపల యాభై దాటిన ఒకావిడ దుప్పట్లో కాళ్ళు చుట్టుకుని కూర్చుంది. పేరు తెల్లెర్వో. మేజోళ్ళు పొయ్యి మీద ఆవిర్లు కక్కుతున్నాయి. వాగులో మోకాలి దాకా దిగబడిందట. లైటరు తడిసిపోయిందట.

"తలుపు తోసి చూద్దును కదా, పెళ్ళికి అలంకరించినట్టు పుల్లలున్నాయి. అగ్గిపెట్టె లేదు! ఎవడోగానీ వాడి ఏడు తరాల్నీ కలిపి తిట్టాను" అంది.

బావ తల వంచుకున్నాడు. "ఆ ఎవడో నేనేనమ్మా" అని పెట్టె తీసి చూపించాడు.

"అయ్యో, మీరా! పోనిద్దురూ. పొయ్యిలో బూడిద కెలికితే అడుగున ఎర్రటి నిప్పుకణిక. ఈ బెరడు ఆనించి ఊదాను, మీ పుల్లలు భగ్గుమన్నాయి. బూడిద ఎత్తకుండా పోయిన ఆ సోమరిపోతు కనబడితే ముద్దు పెట్టుకుందును!"

బావ మెల్లగా నావైపు తిరిగాడు. నేను చేతితొడుగులు వెతుక్కుంటున్నట్టు నటించాను.

"పోశానన్నావు కదరా?"

"అంటే... గాలి బాగా వీస్తుంటేనూ..."

తిడతాడనుకున్నాను. అతను నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి బల్ల మీద కూలబడి, ఉన్నట్టుండి ఏడ్చేశాడు. తెల్లెర్వో కంగారుపడి లేచి, అతని రెండు చేతులూ పట్టుకుంది.

"ఏడవకండి బాబూ. మీరు చెక్కిన పుల్లలు లేకపోతే ఆ నిప్పుకణిక నాకెందుకు పనికొచ్చేది? ఈ కాళ్ళు మీరిచ్చినవే" అంది.

'కె'కి చెప్పాలని బావ అన్నేళ్ళూ దాచుకున్న మాట ఎవరో వచ్చి అతనికే చెప్పారు. ఊరికే తల ఊపుతూ ఉండిపోయాడు. నా కళ్ళూ చెమర్చాయి, అబద్ధమెందుకు, ఇవాళ్టికి ఒకటి చాలు.

మర్నాడు పొద్దున నేనే బూడిద ఎత్తి గుంటలో పోసొచ్చాను. వచ్చి, ఎవరూ అడక్కుండానే కత్తి తీసుకుని ఒక పుల్ల చెక్కాను. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎలుక కొరికినట్టుంది" అన్నాడు.

"పారేయనా?"

"పిచ్చా? మండుతుంది, పెట్టు" అని, దాన్ని తన ఆరు పుల్లల పక్కన సర్ది, అగ్గిపుల్లని సగం బయటికి లాగాడు.