మస్తాన్ వద్దన్న ప్రమోషన్

ఏడో వేతన సంఘం జీతాలు అమల్లోకి వచ్చిన మరుసటి ఏడాది నన్ను నరసరావుపేట వైపు రైల్వే స్టేషన్లకు వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. సిబ్బంది గోడు విని పై ఆఫీసుకు చెప్పాలి, అక్కడి రూలు మోసుకొచ్చి సిబ్బందికి చెప్పాలి. రెండు వైపులా తిట్లు మాకే.

కొత్త జీతాల పట్టికలో అడ్డంగా లెవెళ్లు, నిలువుగా మెట్లు ఉంటాయి. ఏడాదికో ఇంక్రిమెంటుతో ఒక మెట్టు జరుగుతాం, ప్రమోషన్ వస్తే పై లెవెల్‌కు పోతాం. ప్రమోషన్ రాక ఒకేచోట పడి ఉన్నవాళ్లకు పదేళ్లకు, ఇరవయ్యేళ్లకు, ముప్పయ్యేళ్లకు హోదా మారకుండానే పై లెవెల్ జీతం ఇస్తారు. దాన్ని మేం ఎంఏసీపీ అంటాం.

మస్తాన్‌వలి అక్కడ పాయింట్స్‌మన్. బండి ఏ లైనులోకి పోవాలో ఆ పట్టాలు సరిచేసి జెండా చూపే మనిషి. ఇరవయ్యేళ్ల సర్వీసుకు ఇంకా కొన్ని నెలలున్నాయనగా దూరపు యార్డుకు అతని ప్రమోషన్ ఆర్డరొచ్చింది. ఇంట్లో అన్న ఉన్నాడు. లారీ మెకానిక్‌గా చేస్తూ తలకు దెబ్బ తగిలి మతి పోయినవాడు. మస్తాన్ కలిపి పెడితే తప్ప తినడు. ఒకసారి గుంటూరులో బంధువుల ఇంటికి తీసుకెళితే, కొత్తచోట మస్తాన్ కలిపి పెట్టినా తిరిగి వచ్చేదాకా ముద్ద ముట్టలేదట.

ఆ లైనులో ఊరు వదలడం ఇష్టం లేనివాళ్లు ప్రమోషన్ వద్దని రాసివ్వడం మామూలే. ఒక ఏడాది మళ్లీ పిలవరు, అంతకుమించి పోయేదేమీ లేదని పాతవాళ్ల నమ్మకం. స్టేషన్లో టీ తాగుతూ ఒకరికొకరు చెప్పుకునే చట్టం అది. మస్తాన్ కూడా రాసిచ్చాడు.

ఇరవయ్యేళ్లు నిండాయి. తోటివాళ్లందరికీ పై లెవెల్ వచ్చింది, అతనికి రాలేదు. నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏంది మేడం, నేనేం తప్పు జేశా? ఆ డబ్బులొస్తే డ్యూటీకి పోయినప్పుడు అన్న కాడ మనిషిని పెడదామనుకున్నా. ఇప్పుడు బయట గొళ్లెం పెట్టి పోతన్నా."

పై ఆఫీసుకు వెళ్లాను. ఇస్తామన్న ప్రమోషన్ కాదన్నవాడు తానై ఆగినవాడు కాబట్టి అతనికి ఎంఏసీపీ వర్తించదన్నారు. రూలు ప్రకారం సరే. కానీ అదే కాగితం ఇరవయ్యేళ్లు నిండాక ఇచ్చి ఉంటే, అప్పటికే వచ్చిన లెవెల్ పోయేది కాదు. అన్న సంగతి చెప్పాను. కారణాలు తమకు అనవసరమన్నారు. నాకు ఒళ్లు మండింది. మళ్లీ మళ్లీ రాశాను, మళ్లీ మళ్లీ అదే జవాబు.

ఏడాది తిరిగాక అదే యార్డుకు ఇంకో ఆర్డరొచ్చింది. ఈసారి నేనే వెళ్లి విడమరిచి చెప్పాను. ఒప్పుకుని చేరితే ఆ రోజు నుంచి పై లెవెల్, కాదంటే ఉన్న లెవెల్లోనే ఉండిపోవాలి. చివరిదాకా విన్నాడు.

"చానా బాగా చెప్పారు మేడం. పోయినసారి తెలవక రాశా, ఈసారి తెలిసే రాస్తన్నా" అని సంతకం పెట్టి, డ్యూటీకి టైమైందని లేచాడు.

రూలు తెలియక సిబ్బంది నష్టపోతున్నారని మా మీటింగుల్లో అధికారులు అంటుండేవారు. నేనూ అదే నమ్మి ఊరూరా తిరిగి చెప్పాను. మస్తాన్ తెలియకా నష్టపోయాడు, తెలిసీ అంతే నష్టపోయాడు. రూలు విడమరిచి చెప్పడం సాయం చేయడం కాదని నేను నేర్చుకున్నది అక్కడే.