ఆదివారం సవారీ

ఫొటోలాయన స్టూడియో బస్టాండు ఎదురుగా, మందుల షాపు పైన ఉంటుంది. మెట్లు ఇరుకు. ఎక్కేసరికి ఎవరికైనా ఆయాసం వస్తుంది కాబట్టి, వచ్చినవాళ్ళని కాసేపు కూర్చోబెట్టి, మొహం మామూలు రంగుకి దిగాకే కెమెరా ముట్టుకుంటాడు. ఆ పని ఆయనకి మేనమామ నేర్పాడు. మేనమామ పోయాక ఆ గదీ, ఆ నీలం తెరా, ఒక కాలు పొట్టిగా ఉన్న ఆ స్టూలూ ఆయనవయ్యాయి. ఫొటో తీయడం ఆయన వంతు, మచ్చలు చెరిపి, కత్తిరించి కవరులో పెట్టడం భార్య వంతు. ఆవిడ కత్తెర పట్టిందంటే గీత గీసినట్టు తెగుతుంది. నోరు విప్పినా అంతే.

"ఊళ్ళో అందరి మొహాలూ కళ్ళార్పకుండా చూస్తారు. నాకు జ్వరమొచ్చి మొహం పీక్కుపోయినా మీకు కనబడదు," అనేది.

"నువ్వు కదలకుండా కూర్చుంటే కదా కనబడ్డానికి," అనేవాడు ఆయన.

వాళ్ళకి పిల్లల్లేరు. ఆ సంగతి మాట్లాడుకోవడం ఇద్దరూ ఎప్పుడో మానేశారు.

ఊళ్ళో ఒక సేవా క్లబ్బు ఉంది. అందులో ఈయన చేరలేదు, వాళ్ళే చేర్చేసుకున్నారు. ఏం చేసినా ఫొటో కావాలి కదా. కంటి శిబిరం, రక్తదానం, చలికాలం రాగానే దుప్పట్లు, వానలు పడగానే రోడ్డు పక్కన మొక్కలు. మొక్కల్ని పోయినేడు తవ్విన గుంటల్లోనే మళ్ళీ నాటేవారు. దుప్పటి ఇచ్చేటప్పుడు సభ్యులంతా తలో చెయ్యీ వేసేవారు, పుచ్చుకునే ముసలావిడ ఆ చేతుల వెనక ఎక్కడో ఉండిపోయేది. "అయ్యా, కాస్త జరిగితే ఆవిడ కూడా పడుతుంది," అని ఈయన బతిమాలుకునేవాడు. అందరూ నవ్వేవారు. ఎవరూ జరిగేవారు కాదు. అలాగని వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. కంటి శిబిరానికి తడుముకుంటూ వచ్చిన మనిషి తన కాళ్ళ మీద తాను మెట్లు దిగి వెళ్ళడం ఆయన కళ్ళారా చూశాడు.

బట్టల కొట్టు నడిపే పెద్దమనిషి క్లబ్బుకి ప్రెసిడెంటు. ఆయన ఓసారి ఏదో సభకి పొరుగూరు వెళ్ళి, కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేని పిల్లల్ని గుర్రం మీద కూర్చోబెట్టి నడిపించే చోటు చూసొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ అదే ధ్యాస.

"గుర్రం నడుస్తుంటే దాని వీపు అచ్చం మన నడుములా ఆడుతుందట. నడవలేని పిల్లకి నడవడమంటే ఏమిటో ఒంటికి తెలుస్తుందట. నా కళ్ళతో చూశాను, ఒరిగిపోయే పిల్ల నిటారుగా కూర్చుంది!"

"కళ్ళజోళ్ళు పంచడం అయింది, ఇక గుర్రాలు పంచుదామంటారు," అన్నాడు మందుల షాపాయన. సమావేశం ఘొల్లుమంది.

ప్రెసిడెంటు పట్టు వదల్లేదు. గుర్రపు పోలీసు దళంలో చేసి రిటైరైన హెడ్డు కానిస్టేబులు ఒకాయన ఊరి చివర ఉంటున్నాడు. ఆయన దగ్గర బూడిదరంగు ఆడగుర్రం ఉంది. గదమాయిస్తే అంగుళం కదలదు, బతిమాలితే మాత్రం నడుస్తుంది. అందుకే దానికి దొరసాని అని పేరు. హెడ్డు సరేనన్నాడు. ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేసే డాక్టరమ్మ శనివారాలు వస్తానంది. హెడ్డు పగ్గం పట్టుకుని ముందు నడవాలి, పిల్లకి చెరో పక్కా ఒక మనిషి ఉండి, తొడ మీద చెయ్యి ఆనించి, మడమ పట్టుకుని గుర్రంతో పాటు నడవాలి. సభ్యులంతా వంతులు వేసుకున్నారు.

మొదటి శనివారం అందరూ మైదానానికి వచ్చి ఫొటోలు దిగారు. నెల తిరిగేసరికి వంతు మనుషులకి పెళ్ళిళ్ళూ, నడుం నొప్పులూ, ఊరి ప్రయాణాలూ తగులుకున్నాయి. ఒక రోజు ఓ పిల్లని గుర్రం మీద కూర్చోబెట్టాక చూస్తే ఎడం పక్కన మనిషే లేడు.

"ఏవండీ, ఆ కెమెరా కాస్త పక్కన పడేసి ఇటు రండి," అంది డాక్టరమ్మ.

పిల్లకి ఎనిమిదేళ్ళుంటాయి. కాళ్ళు పుల్లలు. పెద్ద హెల్మెట్టు కింద రెండు చురుకైన కళ్ళు. ఒంట్లో కండ మెల్లమెల్లగా కరిగిపోయే జబ్బు. తల్లి బేకరీలో రొట్టెలు ప్యాక్ చేస్తుంది. తండ్రి లారీల మీద తిరుగుతాడు, వచ్చిన రోజు తప్ప మిగతా రోజులు లేనట్టే లెక్క.

"గట్టిగా పట్టుకో. పడితే నీ మీదే పడతాను," అంది పిల్ల.

"పడితే పడు, పట్టుకుంటాలే. నేనేమన్నా గాజు బొమ్మనా?"

"కాదు. నీకు ఎముకలే ఉన్నాయి. గుచ్చుకుంటాయి."

ఆయన పకపకా నవ్వాడు. దొరసాని ఠక్కున ఆగి చెవులు వెనక్కి పెట్టింది.

"చూశావా, దానికి నీ నవ్వు నచ్చలేదు. సారీ చెప్పు, ఫొటో తాతయ్యా."

ఆయన గుర్రానికి సారీ చెప్పాడు. గుర్రం కదిలింది. ఇంటికెళ్ళేసరికి భుజం పట్టేసింది. "ఫొటోలేవీ?" అంది భార్య. "తీయలేదు," అన్నాడు. ఆవిడ ఆయన మొహం వంక ఓసారి చూసి, నొప్పుల మందు తెచ్చింది.

అప్పట్నుంచీ శనివారం వస్తే ఎడం పక్క మనిషి ఆయనే. పిల్లని ఎక్కించేటప్పుడొకటి, దించేటప్పుడొకటి ఫొటో తీసి, కెమెరా కంచె మీద తగిలించేసేవాడు. పిల్ల దారంతా కబుర్లు చెప్పేది. బడిలో తన చక్రాల కుర్చీని గుమ్మం దగ్గర పెడతారని, వచ్చేపోయేవాళ్ళ మోకాళ్ళు తప్ప ఏమీ కనబడవని చెప్పింది. ఎవరి మోకాలు ఎలా ఉంటుందో వర్ణించి చెబితే హెడ్డు కూడా ముందు నడుస్తూ భుజాలు కదిలించి నవ్వేవాడు.

ఏడాది గడిచాక ప్రెసిడెంటుకి ఇంకో గుర్రం తేవాలనిపించింది. దాతలకి పంపడానికి ఒక పుస్తకం వేయిద్దామన్నాడు. ఒక్కో పిల్ల అప్పుడెలా ఉంది, ఇప్పుడెలా ఉంది, పక్కపక్కన ఫొటోలు కావాలి. ఫొటోలాయన అన్నీ తీసి భార్యకిచ్చాడు. ఆవిడ బల్ల మీద వరసగా పరిచింది.

"ఏవండీ, ఈ పిల్లవి తారుమారు చేశారు. మొదటివి చివర పెట్టారు."

ఆయన వచ్చి చూశాడు. "లేదే. వరస సరిగ్గానే ఉంది."

ఆవిడ కత్తెర కింద పెట్టేసింది. "అయితే ఈ పిల్ల వంగిపోతోందండీ."

వారం వారం ఆ కాలు పట్టుకున్నవాడు. చేతిలో అది సన్నబడుతున్న సంగతి చేతికి తెలుస్తూనే ఉంది. తెలిసిన సంగతిని తల దాకా రానివ్వలేదు, అంతే. బల్ల మీద మాత్రం ఏడాదంతా ఒక్కచోట పరిచి ఉంది. మొదటి ఫొటోలో నిక్కి చూస్తున్న పిల్ల, చివరి దాంట్లో గడ్డం గుండెకి ఆనించుకుని ఉంది.

క్లబ్బు సమావేశంలో ప్రెసిడెంటు గొంతు తగ్గించి మాట్లాడాడు. "మనకున్నది ఒక్క గుర్రం. బాగుపడే పిల్లలు బయట ఎదురుచూస్తున్నారు. ఆ పిల్ల చోటు ఇంకొకరికిస్తే వాళ్ళకైనా ఉపయోగం. ఇలా అనడం నాకు మాత్రం సంతోషమా?"

అందరూ డాక్టరమ్మ వైపు చూశారు. "అబద్ధం చెప్పలేను. ఆ జబ్బుని గుర్రం ఆపలేదు," అందావిడ.

ఫొటోలాయన ఏదో అనాలనుకున్నాడు. కెమెరా మూత తీసి పెడుతూ, తీసి పెడుతూ కూర్చున్నాడు.

"మీకు వాళ్ళతో చనువుంది. తల్లికి మీరే చెబితే బాగుంటుంది," అన్నాడు ప్రెసిడెంటు.

"సరే," అన్నాడు. అన్నందుకు ఇల్లు చేరేదాకా తనని తాను తిట్టుకున్నాడు.

మర్నాడు బేకరీ వెనక గేటు దగ్గర నిలబడ్డాడు. షిఫ్టు దిగి తల్లి వచ్చింది, తలకి కట్టిన ప్లాస్టిక్ టోపీ ఇంకా తీయలేదు. చెప్పడానికి వచ్చింది తప్ప మిగతావన్నీ చెప్పాడు. ఆవిడే అందుకుంది.

"ఇక తీసుకురావద్దన్నారా, అన్నయ్యగారూ?"

ఆయన తల దించుకున్నాడు.

"బాగుపడుతుందని తీసుకొస్తున్నాననుకున్నారా? పెద్దాసుపత్రిలో నాకు అన్నీ చెప్పేశారు. ఎన్నాళ్ళన్నది కూడా చెప్పారు. నా పిల్లతో మాట్లాడాలంటే ఎవరైనా సరే వంగాలి. గుర్రమెక్కినప్పుడు ఒక్కటే, మీరంతా తలెత్తి చూస్తారు. అదొక్కటే దానికి కావాలి. ఇవాళ ఇంటికెళ్ళి దానికేం చెప్పను?"

ఆయన అటు నుంచి అటే హెడ్డు ఇంటికి నడిచాడు. హెడ్డు గుర్రపు డెక్కలు గోకుతూ అంతా విన్నాడు.

"శనివారం క్లబ్బుది. ఆదివారం ఎవరిది?"

"ఎవరిదీ కాదు."

"గుర్రం నాదే కదా. తీసుకురా."

డాక్టరమ్మకీ చెప్పారు. "నేను రాలేదనుకోండి," అంటూనే ప్రతి ఆదివారం వచ్చి, ముందు పిల్ల మెడ చూసి, ఆపైనే ఎక్కించనిచ్చేది. తల్లి కుడి పక్క, ఫొటోలాయన ఎడం పక్క. మైదానం చుట్టూ తిరగడం మానేసి కాలవ గట్టు మీదికి వెళ్ళేవారు. పిల్ల బాగా నీరసించింది గానీ నోరు తగ్గలేదు.

"తాతయ్యా, పైనుంచి చూస్తే నీ బట్టతల మెరుస్తోంది. దానికో ఫొటో తీయించుకో."

"నువ్వే తియ్యి."

"కెమెరా పట్టుకునే ఓపిక లేదు. గుర్తుంచుకుంటాలే."

గట్టు మీద గాలి తగిలితే కళ్ళు మూసుకుని నవ్వేది. పళ్ళన్నీ కనబడేలా, శబ్దం లేకుండా. తల్లి పైకి చూసి, ఆ నవ్వు చూసి, నేల చూసి నడిచేది. ఫొటోలాయనకి రెండు చేతులూ ఖాళీ లేవు. కెమెరా తేవాలన్న ఆలోచన కూడా ఆయనకి రాలేదు.

చలి ముదిరాక ఒక ఆదివారం డాక్టరమ్మ మెడ చూసి లేచి నిలబడింది. "ఇంక వద్దు. హెల్మెట్టు బరువు ఆగట్లేదు. ఒక్క కుదుపుకి ప్రమాదం."

పిల్ల ఏడవలేదు. ఫొటోలాయన వైపు చూసింది. "నువ్వు పట్టుకుంటానన్నావుగా."

"పట్టుకుంటానమ్మా, కానీ..."

"పట్టుకుంటానన్నావు. అబద్ధాలకోరువి."

ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు. ఇంటికెళితే కళ్ళు మూసుకుని నిద్ర నటించేది. బొమ్మల పుస్తకం తీసుకెళితే మంచం కిందికి తోసేసింది. హెడ్డు దొరసానిని వాళ్ళ సందులోకి నడిపించుకొచ్చి కిటికీ ముందు నిలబెడితే, తల్లి మంచాన్ని కిటికీ వైపు తిప్పబోయింది. "వద్దు, తీసుకుపొమ్మను," అంది పిల్ల. గుర్రం సందులో తిరగడానికి చోటు లేక వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళింది.

"చిన్నపిల్ల, కోపం తగ్గుతుంది లెండి," అంది భార్య.

తగ్గేంత వ్యవధి లేకపోయింది. జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగి ఆస్పత్రిలో చేర్చారు. ఫొటోలాయన రోజూ వెళ్ళి వార్డు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చునేవాడు. ఒకసారి పిల్ల కళ్ళు తెరిచి ఆయన్ని చూసింది. ఏమన్నా అంటుందేమోనని ఆయన లేచి దగ్గరికి వెళ్ళాడు. మొహం గోడవైపు తిప్పుకుంది. తిప్పుకోవడానికి ఎంత కష్టపడిందో చూసి, ఆయన బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఆ వారంలోనే పోయింది.

కొన్నాళ్ళకి తల్లి స్టూడియో మెట్లెక్కి వచ్చింది. "గోడకి పెట్టుకోడానికి గుర్రం మీదున్న ఫొటో ఒకటి ఇవ్వండి, అన్నయ్యగారూ."

ఉన్నవన్నీ శనివారం ఫొటోలే. ఎక్కించేటప్పుడు భయంతో బిగుసుకున్నవి, దించేటప్పుడు అలసిపోయినవి. అందులో ఒకటి ఏరి, పిల్ల భుజం మీదున్న ప్రెసిడెంటు చేతిని చెరపడానికి భార్య ఒక రోజంతా కూర్చుంది. పెద్దది చేసి చట్రం కట్టి ఇచ్చారు. తల్లి చాలాసేపు చూసింది.

"ఇందులో నవ్వట్లేదు కదా."

"లేదమ్మా."

"ఆదివారాలు నవ్వేది."

"అవునమ్మా. ఆదివారాలు నవ్వేది."

ఆవిడ ఫొటోని పైటలో చుట్టుకుని దిగి వెళ్ళింది. ఆ సాయంత్రం ఆయన స్టూడియో తలుపు వేసుకుని, నీలం తెర ముందు నేల మీద కూర్చుని ఏడ్చాడు. భార్య ఆపలేదు. పక్కన కూర్చుంది.

పుస్తకం అచ్చయింది, రెండో గుర్రం వచ్చింది. ఆ శనివారాల్లోనే ఒక పిల్లాడు కర్ర సాయంతో నాలుగడుగులు వేశాడు. ప్రెసిడెంటు అందరి ముందూ ఏడ్చేశాడు, అది దొంగ ఏడుపేం కాదు. ఫొటోలాయన క్లబ్బు ఫొటోలు తీయడం మానేశాడు. మనిషి తక్కువయ్యాడని డాక్టరమ్మ కబురు పెట్టినప్పుడు మాత్రం వెళ్ళి, ఏ పిల్ల పక్కనైనా నడుస్తాడు. జాగ్రత్తగా, గట్టిగా పట్టుకుంటాడు. కబుర్లు చెప్పడు. పిల్లలు ఆయన్ని గట్టి తాతయ్య అంటారట.

తల్లి మైదానం వైపు మళ్ళీ రాలేదు. బేకరీకి వెళ్ళే బస్సు ఆలస్యమైనప్పుడు మాత్రం మెట్లెక్కి స్టూడియోలోకి వస్తుంది. ఫొటోలాయన భార్య కత్తిరిస్తున్న పని ఆపి టీ పోసిస్తుంది. ముగ్గురూ కిటికీలోంచి బస్టాండు చూస్తూ కూర్చుంటారు. బస్సు రాగానే ఆవిడ గ్లాసు కడిగి బోర్లించి, "వస్తానండీ," అని దిగిపోతుంది.