పేరు చూసి ఎత్తని ఫోన్

2023లో నేను అమెరికాలోని ఆష్‌బర్న్‌లో కాల్ సెంటర్ల ఫోన్ వ్యవస్థలు చూసే ఇంజనీరుని. సుధాకర్ గారి కాల్ సెంటర్ చుట్టుపక్కల క్లినిక్కుల తరఫున రోగులకు ఫోన్లు చేసేది, క్లినిక్కులకు వచ్చే ఫోన్లూ ఎత్తేది. ఒక ఉదయం అక్కడి సూపర్‌వైజర్ పద్మజ నన్ను రమ్మంది.

రాఘవరావు గారనే కిడ్నీ రోగి రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగింది. వెంటనే ఆస్పత్రికి వెళ్ళమని చెప్పడానికి ముందురోజు పద్మజ ఎన్నిసార్లు చేసినా ఆయన ఇంటి ఫోన్ ఎత్తలేదు. చివరికి పోలీసులను పంపి తలుపు కొట్టించారు. ప్రాణం దక్కింది. ఎందుకెత్తలేదంటే, అప్పులు వసూలుచేసే కంపెనీ పేరు కనిపించింది, అవన్నీ మోసపు కాల్సే కదా అన్నారట.

అక్కణ్ణుంచి నా సెల్‌కి చేయించాను. కాల్ సెంటర్ పేరే వచ్చింది. మా ఇంటి ఫోన్‌కి చేయిస్తే వసూళ్ళ కంపెనీ పేరు వచ్చింది. ఒకే నంబరు, రెండు పేర్లు!

సుధాకర్ గారు కోపంగా ఉన్నారు. "కాలర్ ఐడీ నేమ్ లుకప్‌కి నెలనెలా ఫీజు కడుతున్నా కదయ్యా. నా పేరు రాకపోవడమేంటి?"

ఆయన కట్టేది లోపలికి వచ్చే కాల్స్‌కి, అంటే తమకు ఫోన్ చేసేవారి పేర్లు తెలుసుకోవడానికి. బయటికి వెళ్ళే కాల్‌తో నంబరే వెళ్తుంది, పేరు వెళ్ళదు. ఆ నంబరు ఎవరిదని అందుకునేవారి ఫోన్ కంపెనీ ఒక డేటాబేస్‌ను అడుగుతుంది. దీన్ని మేము డిప్ అంటాం. అడిగిన ప్రతిసారీ ఆ కంపెనీయే చిల్లర రుసుము కట్టాలి. అది మిగుల్చుకోవడానికి మా ఇంటి ఫోన్ కంపెనీలాంటివి కొన్ని పాత జవాబునే దాచుకుని చూపిస్తూ ఉంటాయి.

మరి ఆ పాత జవాబు ఎక్కడిది? సుధాకర్ గారిని గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. పాత నంబరు అంకెలు కూడితే ఎనిమిది వస్తోందని న్యూమరాలజిస్టు చెప్పాడట. తొమ్మిది వచ్చేదాన్ని వెతికి, ఎవరో వదిలేసిన నంబరు తీసుకున్నారు. ఆ ఎవరో ఈ వసూళ్ళ కంపెనీయే.

"కూడి చూశారు. అంతకుముందు ఎవరిదో చూడలేదా?" అన్నాను.

"తొమ్మిది మంచిదేనయ్యా. ఆయన బతికాడుగా."

మనిషి చచ్చినా, బతికినా తనదే గెలుపనే నమ్మకంతో వాదించేదెలా? నాకు ఒళ్ళు మండింది. పద్మజ మాత్రం నెమ్మదిగా అంది: "ఇవాళ చేయాల్సిన వాళ్ళింకా ఉన్నారు సార్. వాళ్ళ తలుపులెవరు కొడతారు?"

మార్చెయ్యమన్నట్టు ఆయన చెయ్యి ఊపారు. పాత నంబరు ఇంకా మా చేతిలోనే ఉంది. బయటికెళ్ళే కాల్స్ అన్నీ ఆ పూటే దాని మీదికి మార్చాను.

తర్వాత ఒకరోజు, పేరు సరిగా వస్తోందో లేదో తెలుసుకుందామని కాల్ సెంటర్ నుంచి రాఘవరావు గారికి నేనే చేశాను. ఈసారి కాల్ సెంటర్ పేరే కనిపించిందని ఎత్తారు. తెర మీది పేరు రుజువు కాదండీ అని చెప్పబోయాను.

"పేరు చూసి జాగ్రత్తపడమన్నదీ మీ ఫోన్లవాళ్ళే, పేరు నమ్మొద్దంటున్నదీ మీరే. మరి దేన్ని చూసి ఎత్తమంటారు బాబూ?"

ఆధారం అడగండని జీవితమంతా వాదించినవాణ్ణి. ఆయన తన కళ్ళ ముందున్న ఆధారాన్నే నమ్మారు. ఆ ఆధారం ఎప్పటిదో, ఎవరి లాభానికి అలా పాతబడి ఉందో కూడా అడగాలని నాకు తెలిసింది అప్పుడే. ఎత్తి వినండి, వెంటనే పెట్టేసి, క్లినిక్ కార్డు మీది నంబరుకు మీరే తిరిగి చేసి కనుక్కోండి అన్నాను.

"అయితే ఇప్పుడు మిమ్మల్ని కూడా పెట్టేసి చేయాలా?"

"చేయాలండీ."

పెట్టేశారు. కాసేపటికి పద్మజ బల్ల మీద ఫోన్ మోగింది.