పిన్ని చదివిన ఒడియా ఫైలు

మా చిన్నతనంలో... కవిటిలో కంప్యూటర్ ఉన్న ఇళ్ళు ఎన్నో నాకు తెలియదు గానీ, మా హారిక ఇంట్లో మాత్రం ఉండేది. దాని మీద వాళ్ళమ్మ కుట్టిన పువ్వుల గుడ్డ కప్పి ఉంచేవారు. ఆ గుడ్డ తీసే హక్కు ఒక్క హారికదే... నాకు ఆ గుడ్డని చూసినా కుళ్ళే.

హారిక మా మేనమామ కూతురు. మావయ్యది పలాసలో జీడిపప్పు వ్యాపారం. మాది కవిటి పక్కనే చిన్న ఊరు, నాన్నకి కొబ్బరి తోట. ఇద్దరం ఒకే బడి, ఒకే క్లాసు. దాని జడ నాకంటే పొడుగు, దాని చేతిరాత నాకంటే ముద్దుగా ఉండేది... అవన్నీ ఎలాగో ఓర్చుకున్నాను. కంప్యూటర్ దగ్గర మాత్రం నా వల్ల కాలేదు.

ఆ ఏడాది బడి వార్షికోత్సవానికి, చెట్లన్నీ రాజుగారి దగ్గర మొరపెట్టుకునే నాటిక వేయిస్తామన్నారు. అందులో కొబ్బరి చెట్టు వేషమే ముఖ్యం. నాకు అది కావాలి... హారికకీ కావాలి. తెలుగు మాష్టారు నాటికని మావయ్య మెయిల్‌కి పంపించి, "సోమవారం ఎవరు బాగా అప్పజెబితే వేషం వాళ్ళదే" అన్నారు.

హారిక ఫైలు డౌన్‌లోడ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి నా చేతిలో పెట్టింది. "మీ ఇంట్లో కంప్యూటర్ లేదు కదే, నెట్ సెంటర్‌లో తెరిపించుకో" అంది. ఆ 'లేదు కదే' నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నెట్ సెంటర్ అన్న ఫైలు మీద నొక్కాడు. తెరుచుకోలేదు. ఏ ప్రోగ్రాంతో తెరవమంటావని కంప్యూటర్ ఎదురు అడిగింది. ఆయన ఉన్నవన్నీ ఒక్కోటీ నొక్కుకుంటూ పోయాడు... చివరికి ఏదో తెరుచుకుంది. చూస్తే అక్షరాలన్నీ విరిగిపోయి, ప్రతి దాని పక్కనా చుక్కలు చుక్కలుగా సున్నాలు.

అన్న కళ్ళు చికిలించి చూశాడు. "ఇది తెలుగు కాదమ్మా... ఒడియా. సూడు, అన్నీ గుండ్రాలే."

మాది ఒడిశా సరిహద్దు మరి... ఇచ్ఛాపురం వైపు వెళ్తే బోర్డుల మీద ఒడియా కనిపిస్తూనే ఉంటుంది. గుండ్రంగా ఉండి అర్థం కాకపోతే అది ఒడియానే అనుకునేవాళ్ళం. ఆ కంప్యూటర్‌లో సరైన తెలుగు ఫాంటు లేదని, హారిక వాళ్ళ దాంట్లో ఉందని అప్పుడు మాకేం తెలుసు. నాకు తోచింది ఒక్కటే... తెలుగుది తను ఉంచుకుని, ఒడియాది నాకు అంటగట్టింది. ఒళ్ళు మండిపోయింది.

ప్రింటు తీయించుకుని ఇంటికి పరిగెత్తాను. మా పిన్ని, అంటే బాబాయి భార్య, ఇచ్ఛాపురం అవతల ఒడిశాలో పుట్టి పెరిగింది. పుట్టింటి వాళ్ళతో ఫోన్‌లో గలగలా ఒడియా మాట్లాడేది. నేను వెళ్ళేసరికి వాకిట్లో కూర్చుని, చీపురు కట్టడానికి కొబ్బరి ఈనెలు తీస్తోంది.

"పిన్నీ, ఇది ఒడియాలో ఉంది. సదివి తెలుగులో సెప్పవా?"

పిన్ని కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఏటి కథే ఇది?"

"కొబ్బరి సెట్టు రాజుతోటి మాట్లాడతాది. తనని నరకొద్దని."

"అలగా..." అని కాగితం మోకాలి మీద పరుచుకుని, అక్షరాల కింద వేలు పెట్టి, మెల్లగా చదివింది.

"రాజా... కాళ్ళ కింద ఉప్పునీళ్ళు తాగుతన్నాను, నెత్తి మీద తియ్యనీళ్ళు మోత్తన్నాను. దాహమేత్తే అడుగు, ఇత్తాను. నన్ను నరక్కు."

అలా పేజీ అంతా చదివింది. నేను మొత్తం బట్టీ పట్టేశాను.

సోమవారం ముందు హారిక అప్పజెప్పింది. "ఓ మహారాజా, నన్ను కల్పవృక్షమని కొనియాడెదరు..." అంటూ గడగడా. తర్వాత నేను. క్లాసంతా ఒకటే నవ్వులు. మాష్టారు మాత్రం నవ్వలేదు. "బాగుందమ్మా... కానీ ఇది మన నాటికలో లేదు" అన్నారు.

వేషం హారికకే వెళ్ళింది. కొబ్బరాకుల కిరీటం పెట్టుకుని అది స్టేజీ మీద నిలబడితే, వెనక వరసలో కూర్చున్న నాకు చప్పట్లు కొట్టడానికి చేతులు రాలేదు.

అప్పజెప్పిన రోజే ఇంటికొచ్చి పిన్నిని నిలదీశాను. పిన్ని తల దించుకుంది. "నాకు ఒడియా మాటలొచ్చు గానీ అచ్చరాలు రావే. తెలుగువీ రావు. నువ్వంత ఆశగా తెచ్చీసరికి, రాదని ఎలగ సెప్తాను?"

ఇప్పుడు పిన్నికి కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానం ఊళ్ళలో ఈ జబ్బు ఎవరికీ కొత్త మాట కాదు... పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయించుకొస్తాం. తోట మధ్య ఇల్లు, గుమ్మం దాటితే కొబ్బరి బోండాలు... డాక్టరు మాత్రం ఆ నీళ్ళు ముట్టుకోవద్దన్నారు.

మొన్న పిన్ని రక్తపరీక్ష రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. డౌన్‌లోడ్ అయింది, తెరుచుకోలేదు. ఎన్నిసార్లు నొక్కినా అంతే. నా అవస్థ చూసి పక్కనే పడుకున్న పిన్ని చెయ్యి చాపింది.

"ఇటియ్యే, నాను సదువుతాను." ఫోన్ తీసుకుని, తెల్లటి తెర మీద మెల్లగా వేలు జరిపింది. "అంతా బాగుందంట... కొబ్బరినీళ్ళు కూడా తాగొచ్చంట."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఫైలుని హారికకి పంపాను. ఫైలు పేరు చివర ఉండాల్సిన చుక్క, పీడీఎఫ్ అనే మూడక్షరాలు ఎగిరిపోయాయట... అవి చేర్చి ఇట్టే తెరిచి పంపించింది. ఇప్పటికీ దానికే తెరుచుకుంటాయి. రిపోర్టులో ఉన్నదేదో ఉంది. కొబ్బరినీళ్ళ మాట మాత్రం అందులో లేదు.

కానీ నిజం చెప్పనా... ఈసారి నా కుళ్ళు హారిక మీద కాదు. వాకిట్లో పిన్ని పక్కన కూర్చుని, ఆవిడ చదివిన ప్రతి మాటా నిజమని నమ్మేసిన ఆ చిన్నపిల్లని తలుచుకుంటే కుళ్ళుగా ఉంది.

ఇప్పుడు ఎలాంటి ఫైలైనా ఎలాగోలా తెరుచుకుంటుంది... మా పిన్నిలా మనకి కావలసినట్టు చదివిపెట్టే వాళ్ళే ఎక్కడో గానీ ఉండరు. మీకెవరైనా ఉంటే, వాళ్ళు ఏం చదివారో కింద రాయండి. కుళ్ళుకుంటూనే అన్నీ చదువుతాను.