తారు రోడ్డు మీద ఆఖరి కూత

మా చిన్నప్పుడు... తెలంగాణ కోసం సమ్మె నడిచిన రోజుల్లో, మా రఘునాథపల్లి దగ్గర పెద్ద రోడ్డు మీద కబడ్డీ ఆడాం. బస్సులు లేవు, బడి లేదు. పెద్దవాళ్ళు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేస్తుంటే, పక్కనే ముగ్గుపిండితో గీతలు గీసి మమ్మల్ని ఆడమన్నారు. అదీ ఉద్యమమే మరి... మాకు మాత్రం పండగ.

నేను ఎనిమిదో తరగతి, మా ఆడపిల్లల జట్టుకు కెప్టెన్ని. అవతలివాళ్ళు పక్క ఊరి అమ్మాయిలు. మా పీఈటీ సారే విజిల్ పట్టుకున్నారు.

"ఇది తారు రోడ్డు బిడ్డా. పట్టుకోండ్రి గని కింద పడెయ్యకుండ్రి" అని ముందే చెప్పారు. పడెయ్యకుండా పట్టే కబడ్డీ ఎక్కడైనా ఉందా? ఎవరూ అడగలేదు. అందరం బుద్ధిగా తలలూపాం.

మాలో కూతకు పోయి గెలిచి వచ్చేది స్వరూప ఒక్కతే. సమ్మె అయిపోగానే క్రీడా హాస్టల్ ఎంపికలకు దాన్ని తీసుకెళ్తానని సారు మాటిచ్చారు. వాళ్ళమ్మ అప్పుడే రెండు జతల బట్టలు కుట్టించి పెట్టింది.

చివరికి పాయింట్లు సమానమయ్యాయి. మాదొక కూత, తర్వాత వాళ్ళదొక కూత... అంతే మిగిలింది. స్వరూప కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"మోకాలు గుంజుతుందే. అడ్డగీత దాటి ఎవర్ని ముట్టకుండ ఊకెనే మర్లి వస్త. వాళ్ళ కూతప్పుడు మీరు పట్టుండ్రి, గెలుస్తం."

మూలలో నిలబడి పట్టేది నేనే. ఆ రోజు అప్పటికే రెండుసార్లు, కూతకు వచ్చినవాళ్ళు నా చేతుల్లోంచి జారిపోయారు.

"మాతోని కాదే. నువ్వు ముట్టొస్తెనే గెలుస్తం" అన్నాను.

జట్టు కోసమే అన్నట్టు అన్నాను... నిజానికి మూడోసారి కూడా వదిలేస్తే ఊరంతా నన్నే అంటుందని భయం. అది కుంటుకుంటూనే గీత దగ్గరికి నడిచింది. కూత మొదలుపెట్టింది.

ఒకమ్మాయిని ముట్టింది. వెనక్కి తిరిగేలోపు నలుగురు మీద పడ్డారు. ఎముక విరిగిన చప్పుడు మా వైపుకు కూడా వినిపించింది.

పెద్దవాళ్ళు పరుగున వచ్చి పొయ్యిలు పక్కకు జరిపారు. కానీ అటూ ఇటూ లారీలు నిలిచిపోయి ఉన్నాయి... ఆటో కదిలే దారి లేదు. మంచం మీద పడుకోబెట్టి, లారీల వరస దాటేదాకా మోసుకెళ్ళారు. "జర జరుగుండ్రి అయ్యా, నా బిడ్డ కాలు" అంటూ వాళ్ళమ్మ ముందు నడిచింది. జనగామ దవాఖాన చేరేసరికి సాయంత్రమైంది.

ఎముక అతికింది గానీ మోకాలు మళ్ళీ సరిగా వంగలేదు. ఎంపికలకు సారు వేరే అమ్మాయిని తీసుకెళ్ళారు.

దవాఖానలో ఉన్నప్పుడు చూడ్డానికి వెళ్తే స్వరూప ఒక్కటే అడిగింది.

"వాళ్ళ ఆఖరి కూత ఎవరు పట్టిండ్రే?"

"ఆట ఆగిపోయింది గదనే."

"ఆడి ఉంటే, ఈసారి నువ్వు పట్టేదానివే" అంది... నిజంగా నమ్మే అంది. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

తెలంగాణ వచ్చింది. సంతోషమే. ఇప్పుడు ఆ రోడ్డు మీద బండ్లు రయ్యిన పోతుంటాయి, ఆడే పిల్లలు లేరు. స్వరూప మాత్రం పత్తి చేనుకు కాలు ఈడ్చుకుంటూనే వెళ్తుంది.

మీ ఆటల్లో కూడా... మీ భయాన్ని దాచుకుని ఇంకొకరిని ముందుకు పంపిన రోజు ఉందా? ఉంటే ఇక్కడ రాయండి. నేను మీకైతే చెప్పగలిగాను... స్వరూపకు మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.