మల్లవ్వ పాటలో ఖాళీలు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లి టీ పెట్టుకునే రకాన్ని నేను. అలాంటివి ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా అనను. జరిగింది మాత్రం చెబుతాను.

హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో రికార్డు చేసిన పాఠాలను సరిచేయడం నా ఉద్యోగం. మాటల మధ్య ఖాళీ కనిపిస్తే కత్తిరించేస్తాను. ఏళ్ల తరబడి చేసి చేసి, చెయ్యి దానంతట అదే వెళ్లిపోతుంది.

చందానగర్‌లో మేము అద్దెకుండే ఇంటి ఓనరు స్వరూపక్క. వాళ్ల అమ్మ మల్లవ్వ ఒకప్పుడు ఊళ్లలో పెళ్లిళ్లకు పాటలు పాడేవారు. గొంతు ఆపరేషన్‌తో మాట పోయింది. ఏం చెప్పాలన్నా పలక మీద రాస్తారు. వయసులో ఉన్నప్పుడు ఒక పెళ్లింట్లో ఆవిడ పాడుతుంటే ఎవరో టేప్ చేసిన క్యాసెట్ ఒక్కటే మిగిలింది.

"అవ్వ తన గొంతు మళ్ల వినాలంటున్నది. జర బాగుచేసి ఇయ్యి చెల్లె" అని స్వరూపక్క దాన్ని నా చేతిలో పెట్టింది.

కంప్యూటర్‌లోకి ఎక్కించడం అయిందో లేదో రీలు చిక్కుపడి ముక్కలైంది. పోనీలే, పాటలు దక్కాయి కదా అనుకున్నాను. ప్రతి చరణం తర్వాత కొన్ని సెకన్లు టేపు గరగర తప్ప ఏమీ లేదు. పెళ్లివారు కూడా ఆ కాసేపు మాట్లాడలేదు. అన్నీ కత్తిరించేశాను.

ఆదివారం పొద్దున వినిపించాను. మొదటి చరణానికి మల్లవ్వ ముఖం వెలిగింది. వెంటనే రెండోది వచ్చేసరికి చెయ్యెత్తి ఆపమన్నారు. పలక మీద రాశారు: "మా అక్క ఏది?"

"మా పెద్దమ్మ అవ్వకు వంత పాడేది," అన్నది స్వరూపక్క. "ఆమె పోయినంక అవ్వ ఇంకెవల్నీ వంత పాడనియ్యలె. పెద్దమ్మ వంతు వచ్చినప్పుడు ఆమె పాడేంతసేపు ఉత్తగ ఆగి, ఇగ మళ్ల ఎత్తుకునేది. ఈ క్యాసెట్ పెద్దమ్మ పోయినంకదే."

నాకు తల కొట్టేసినట్టయింది. అదృష్టం కొద్దీ కత్తిరించిన ముక్కలు కంప్యూటర్‌లోనే ఉన్నాయి. మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్కొక్కటీ మళ్లీ అతికించాను. అతికించేటప్పుడు ప్రతి ముక్కా విన్నాను. గరగర తప్ప ఏమీ లేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ల్యాప్‌టాప్ తీసుకుని కింద వాళ్లింటికి వెళ్లి పాట పెట్టాను. మల్లవ్వ చరణం అయింది. ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో ఇంకో ఆడగొంతు, సన్నగా, కాస్త జీరగా, అదే చరణాన్ని అందుకుంది.

స్క్రీన్ చూశాను. శబ్దం గీత అక్కడ చదునుగానే ఉంది. స్వరూపక్క చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. "పెద్దమ్మ," అన్నది, అంతే.

మల్లవ్వ మాత్రం ఆశ్చర్యపోలేదు. తన చరణాలకు పెదవులు కదిపారు. అక్క వంతు రాగానే పెదవులు మూసుకుని తలూపుతూ విన్నారు. పాటలన్నీ అయ్యాక, పొద్దుటి నుంచి అలాగే ఉన్న పలకను తీసుకుని, ఆ ప్రశ్నను కొంగుతో తుడిచేశారు.

తర్వాత ఆఫీసులో పెద్ద పరికరాల మీద విన్నాను. స్వరూపక్కా ఎన్నోసార్లు విన్నది. మా ఇద్దరికీ గరగరే. అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

మల్లవ్వ రోజూ సాయంత్రం ఆ పాటలు పెట్టించుకుంటారు. ఆ ఖాళీల దగ్గర ఇప్పటికీ తలూపుతారు.