ఇనాయత్ నొక్కిన నవ్వే మొహం

అలెగ్జాండ్రియాలో, మా ట్రాం స్టాపు వెనక మూతపడ్డ టికెట్ల గది అరుగు మీద ఇనాయత్ కాపురం. రెండు దుప్పట్లు, ఒక గిన్నె, ఒక గులాబీరంగు గొడుగు. ఇల్లు లేదని ఎవరైనా జాలిపడితే ఆవిడకు ఒళ్లు మంట. "సముద్రం ఎదురుగా ఇల్లు ఈ ఊళ్లో ఎంతమందికుంది?" అని దబాయిస్తుంది. అదే అరుగుకు అటు చివర దర్దీరి ఉంటాడు. ట్రాముల్లో దువ్వెనలమ్మే ముసలాయన. నీడ కోసం ఇద్దరికీ రోజూ రభసే. నా టీకొట్టు వాళ్ల పక్కనే కాబట్టి ఆ తిట్లన్నీ నా చెవుల్లోనే పడతాయి.

వీధుల్లో పడుకునేవాళ్ల కోసం వ్యానులో తిరిగే నర్సు మార్యానా ఇద్దరికీ చెరో ఫోను ఇచ్చింది. పొద్దున్నే అది పేరు పెట్టి పిలిచి ఒంట్లో ఎలా ఉందని అడుగుతుంది. బాగుంటే నవ్వే మొహం నొక్కాలి. లేకపోతే ఏడ్చే మొహం నొక్కి, బాధేమిటో చెబితే వ్యాను వస్తుంది. ఛార్జింగు నా కొట్లోనే.

ఇనాయత్‌కు చక్కెర జబ్బు. కాలి వేలి మీద పుండు లేచి నల్లబడుతోంది. అయినా కుంటుకుంటూ వచ్చి, ఫోను తీసుకుని, రోజూ నవ్వే మొహమే నొక్కేది.

"పిన్నీ, కాలు కుళ్లిపోతుంటే ఈ ఇకిలింపేంటి?" అన్నాను.

"ఎలా ఉన్నావంటే అల్‌హందులిల్లాహ్, దేవుడి దయవల్ల బాగున్నా అనాలి. మా అమ్మ అదే నేర్పింది. ఏడవడానికి దేవుడున్నాడు. ఫోనుకు చెప్పుకుని ఏడుస్తానా?"

"కాలు తీసేస్తారు!"

"నువ్వు టీ పొయ్యి, వగ్దీ."

పోనీ నేనే నర్సుకు చెబుతానంటే, ఆ పూటే మూట కట్టుకుని వేరే వీధికి పోతానంది. అన్నంత పనీ చేసే మనిషి. అటు దర్దీరి కూడా ఊపిరాడనంతగా దగ్గి, కళ్లు తుడుచుకుని నవ్వే మొహం నొక్కుతాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. మర్నాడు ఇద్దరి ఫోన్లూ తారుమారు చేసి ఇచ్చాను.

ఇనాయత్ చేతిలో ఫోను పలికింది. "దర్దీరి, ఒంట్లో ఎలా ఉంది?"

"అయ్యో, ఇది ఆ దగ్గు ముసలాడిది!" అంది. ఒక్క క్షణం ఆలోచించింది. తన ఒంటి గురించి మర్యాదకు ఏమైనా అనొచ్చు, పరాయివాడి ఒంటి గురించి అబద్ధమాడితే పాపం. ఠక్కున ఏడ్చే మొహం నొక్కి అందుకుంది. "రాత్రంతా దగ్గు తల్లీ, నాకు కునుకు లేదు. ఇచ్చిన మందు మింగడు, తలకింద దాచుకుంటాడు. ముందు వీణ్ణి తీసుకుపొండి!"

అరుగు అటు చివర నుంచి దర్దీరి అంతకంటే గట్టిగా అరుస్తున్నాడు. "డాక్టరమ్మా, ఈవిడ కాలు చూడండి! చెప్పులో పట్టట్లేదు. మొండిఘటం, చచ్చినా చెప్పదు!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"చాడీకోరు!" అంది ఇనాయత్.

"నువ్వేం చేశావో?" అన్నాడు దర్దీరి.

మధ్యాహ్నంలోగా వ్యాను వచ్చింది. మార్యానా పుండు చూసి నవ్వడం మానేసింది. ఇంకొన్నాళ్లు ఆగుంటే పాదం దక్కేది కాదంది. ఇద్దర్నీ ఎక్కించుకుని వ్యాను ఆసుపత్రికి కదిలాక నాకు ఏడుపొచ్చింది. గ్లాసులు కడుగుతూ కూర్చున్నాను.

పాదం దక్కింది, వేళ్లతో సహా. తిరిగొచ్చాక మార్యానా ఎవరి ఫోను వాళ్లకిచ్చేద్దామంటే ఇద్దరూ ఒప్పుకోలేదు. "వాడి సంగతి వాడికేం తెలుసు?" అంది ఇనాయత్.

నిన్న పొద్దున ఆవిడ చేతిలో ఫోను మళ్లీ దర్దీరి గురించి అడిగింది. ఇనాయత్ గొడుగు ముడిచి, కుంటకుండా అరుగు అటు చివరికి నడిచింది. నిద్రపోతున్న ముసలాయన మీదికి వంగి, ఊపిరి చప్పుడు శ్రద్ధగా విన్నది. నవ్వే మొహం నొక్కింది. తర్వాత గొడుగు కొసతో ఆయన్ని పొడిచింది.

"లేరా ముసలాడా! బాగున్నావని చెప్పేశాను. మందు మింగు, నన్ను అబద్ధాలకోరును చెయ్యకు!"